లావు తీగ

మంగళవారం ఆఖరిది వెళ్లిపోయింది.
పెట్టెకి మూడు గొళ్లాలు, మధ్యది పడదు,
ఎన్నడూ పడలేదు.
ఆ మాట కొన్న పిల్లకి చెప్పాను.
తక్కినవి చెప్పలేదు.

గ్రిమ్స్‌బీలో నలభై ఏళ్లు పళ్లు కట్టాను:
రేవులో ఐసు కొట్టేవాళ్లకి, చేపలు కోసే ఆడవాళ్లకి,
బింగో హాలు ఓనరుకి రెండుసార్లు,
మొదటి సెట్టు తుమ్మి సముద్రంలో పోగొట్టుకున్నాడు.
గులాబీరంగు చిగుళ్లు నునుపు చేసిన వేళ్లే
శనివారం రాత్రి పబ్బులో బేసు మీద నడిచేవి.
పాటలో మీరెక్కడ, వినపడరేం, అనేది హైమవతి.
పులుసులో ఉప్పెక్కడుందో చూపించు, అనేవాణ్ణి.
ఎక్కువైన రోజు చూపిస్తాను, అనేది.

మొదటిది ట్రెవర్ స్టబ్స్ అమ్మాడు, డెబ్భై ఆరులో,
కాడ్ చేపల తగువులో పడవలన్నీ కట్టేసినప్పుడు.
అరవై రెండు నాటి ఫెండర్,
అంచు మాడి నడుమ పండిన అట్టు రంగు.
నలభై ఐదు పౌన్లు. లెక్కపెట్టకుండా జేబులో కుక్కుకున్నాడు.

దానికి తోడని ఇంకొకటి కొన్నాను.
తోడుకి తోడన్నాను.
ఆ తర్వాత ఏమీ అనకుండా దొడ్డిదారిన తెచ్చాను.
మంచం కింద రెండు, మేడమెట్ల కింద నాలుగు,
బీరువాలో చీరల వెనక నిలబెట్టినది
హైమ పట్టుచీర లాగుతుంటే ఒక్కసారి దుమ్మంది.
మూడు రోజులు మాటల్లేవు.
మొత్తం పదకొండు. వాయించేది ఒకటే,
ఎప్పుడూ ఆ ఒకటే.

ఇప్పుడు చూపుడువేలు ముడిస్తే తెరుచుకోదు,
వానకి ఉబ్బిన తలుపు.
నాలుగున్నర కిలోల కొయ్య భుజానికి తగిలిస్తే
గోడ పట్టుకోవాలి.
అమ్మమని ఎవరూ అనలేదు. నేనే ఒక రాత్రి
పెట్టెల మధ్య దారి తడుముకుంటూ బాత్రూముకి వెళ్తూ
పడబోయాను.

లీడ్స్ నుంచి ఒకాయన టార్చి తెచ్చుకున్నాడు.
మెడ మరలు విప్పి, లోపల ఎవరో పనివాడు
పెన్సిలుతో గీకిన తేదీ చూసి
దండం పెట్టినంత పని చేశాడు.
ఒక్క తీగా మీటలేదు.
అలాంటివాడికి నేను అమ్మను.
అబద్ధం. అమ్మాను, మూడు. బాయిలరు చెడిపోయింది.

అప్పగింతలా, అంది హైమ,
కారు మలుపు తిరిగేదాకా వాకిట్లో నించుంటే.
నంబరు ప్లేటు చదువుతున్నానన్నాను.

ఆఖరిదానికి కెజాయ వచ్చింది. పదిహేడేళ్లు.
చేపల వ్యాను నడిపే తండ్రి బయటే, ఇంజను ఆపకుండా.
ఆంప్లిఫయరు అప్పటికే అమ్మేశాను.
మెట్ల మీద కూచుని లావు తీగ మీటి,
వినపడక, పై కొమ్ముకి దవడ ఆనించింది.
ఎవరూ నేర్పలేదట.
ఎముక గుండా వస్తుంది మంద్రం, చెవికంటే ముందు.
ఇక్కడేదో గాటు, అంది వేలితో తడిమి,
రెండు పళ్లలా.

రెండు పళ్లే. ట్రెవర్‌వి.
పడవ ఇంజను హోరులో తన వాయింపు తనకి వినపడాలని
కొయ్యని కరిచి వాయించేవాడు.
తర్వాత ఆ పళ్లు పోయాయి, పై వరస నేనే కట్టాను.
కొలతకి మైనం ఎందుకు, నా దగ్గర అచ్చుందిగా, అన్నాను.
నవ్వాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని.
తర్వాత ట్రెవరూ పోయాడు.

నేను చెప్పిన ధర విని హైమ నా వంక చూసింది,
లీడ్స్ ఆయన ఇస్తానన్నదాంట్లో పదో వంతు.
గాటుందని ఆ పిల్ల ఇంకో యాభై తగ్గించమంది.
తగ్గించాను.

ఇల్లంతా ఇప్పుడు నడవొచ్చు.
చీరల వెనక జాగా అలాగే ఉంది, హైమ సర్దలేదు.
రాత్రి నా పళ్లు గ్లాసులో వేసి,
అవీ నేను కట్టినవే, కొంచెం వదులు,
మంచం పట్టెకి దవడ ఆనిస్తాను.
హంబర్ మీద పొగమంచులో ఏదో ఓడ,
శ్రుతికి ఒక వీసం కింద.
ఏంటది, మంచం కొరుకుతున్నారా, అంటుంది హైమ.
పళ్లేవీ, అంటాను.